ముందు ఫిర్యాదు, తర్వాతే ప్రయాణం

గల్ఫ్‌లో టీచరుగా పనిచేస్తూ యాజమాన్యం వేధిస్తోందని ఇంటికి ఫోన్ చేసినవారికి మనవాళ్లు ఇచ్చే సలహాలు సాధారణంగా రెండే. ‘ఎలాగోలా మార్చి దాకా సర్దుకుపో’ అనేది ఒకటి. ‘ఎవరికీ చెప్పకుండా టికెట్ తీసుకుని వచ్చెయ్’ అనేది రెండోది. రెండూ ప్రేమతో చెప్పేవే, రెండూ నష్టం తెచ్చేవే. సర్దుకుపోతే ఫిర్యాదు చేసేందుకు చట్టం ఇచ్చిన గడువు దాటిపోతుంది. చెప్పకుండా వచ్చేస్తే వేధించినవారే ఫిర్యాదుదారులవుతారు, బాధ పడినవారు పరారైన ఉద్యోగిగా రికార్డుల్లోకి ఎక్కుతారు. వేధింపు భరించలేక ఉద్యోగం వదిలేయడం హక్కే. అయితే ఆ హక్కు నిలవాలంటే ముందు ఫిర్యాదు నమోదు కావాలి, ఆ తర్వాతే ప్రయాణం. గల్ఫ్‌లో ఒక్కో దేశానిది ఒక్కో చట్టం. మన టీచర్లు ఎక్కువగా కనిపించే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, అంటే యూఏఈ చట్టాన్ని ఆధారం చేసుకుని ఈ మాట ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

యూఏఈలో ప్రైవేటు ఉద్యోగాలకు వర్తించేది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ కార్మిక చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు స్కూళ్ల టీచర్లు దీని కిందికే వస్తారు. దుబాయ్, అబుదాబిలలోని రెండు ఫైనాన్షియల్ ఫ్రీజోన్లకు మాత్రం సొంత ఉద్యోగ చట్టాలున్నాయి. ఈ చట్టంలోని 14వ అధికరణం లైంగిక వేధింపును, బెదిరింపు ధోరణిని, మాటలతో గానీ చేతలతో గానీ మానసికంగా గానీ చేసే హింసను నిషేధించింది. చేసినవారు యజమాని అయినా, పై అధికారి అయినా, తోటి ఉద్యోగి అయినా నిషేధం ఒక్కటే. ఇక 45వ అధికరణం నోటీసు ఇవ్వకుండానే ఉద్యోగం మానేయదగిన సందర్భాలను చెబుతుంది. యజమాని లేదా అతని చట్టబద్ధ ప్రతినిధి పనిలో దాడి చేసినా, హింసించినా, వేధించినా ఉద్యోగి వెంటనే వెళ్లిపోవచ్చు. సర్వీసు ముగింపు హక్కులు పోవు. షరతు ఒకటుంది. ఫిర్యాదు చేయగలిగిన స్థితికి వచ్చిన రోజు నుంచి 5 పని దినాల్లోగా సంబంధిత అధికారులకూ, కార్మిక మంత్రిత్వ శాఖకూ ఆ విషయం తెలియజేయాలి. ఈ శాఖనే అక్కడివారు మోహ్రే అంటారు.

వేధింపు ప్రతిసారీ తిట్టు రూపంలోనో, చెయ్యి చేసుకోవడంగానో రానక్కర్లేదు. జీతం ఆపేయడం, ఒప్పందంలో లేని పని నెత్తిన వేయడం, సహోద్యోగి వేధిస్తున్నాడని చెప్పినా పట్టించుకోకపోవడం కూడా వేధింపులే. ఇలాంటి వాటికి అదే అధికరణంలో మరో దారి ఉంది. యజమాని తన బాధ్యతలను ఉల్లంఘిస్తే, ఉద్యోగం వదిలే తేదీకి 14 పని దినాల ముందు మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి. శాఖ చెప్పినా యజమాని తప్పు సరిదిద్దుకోకపోతే ఉద్యోగి నోటీసు లేకుండా వెళ్లవచ్చు. వేధించేది తోటి టీచరో, సూపర్‌వైజరో అయినప్పుడు యాజమాన్యానికి ముందుగా రాతపూర్వకంగా చెప్పి ఉంచడం అందుకే కీలకం. చెప్పినా కదల్లేదన్న రుజువు చేతిలో ఉంటే, అది యాజమాన్యం బాధ్యతా ఉల్లంఘనే అని గట్టిగా వాదించడానికి వీలవుతుంది. నోటితో చెప్పి ఊరుకుంటే ‘మాకు తెలియదు’ అనే ఒక్క మాటతో వాళ్లు బయటపడతారు.

ఇప్పుడు రెండో సలహా సంగతి చూద్దాం. ఫిర్యాదు లేకుండా విమానం ఎక్కితే ఏమవుతుంది? వరుసగా 7 రోజులకు మించి ఉద్యోగి జాడ లేకపోతే యజమాని ‘అబ్‌స్కాండింగ్’, అంటే పరారీ ఫిర్యాదు చేయవచ్చు. సరైన కారణం లేకుండా ఒప్పందం మధ్యలో మానేసిన విదేశీ ఉద్యోగికి ఏడాది పాటు యూఏఈలో మరో వర్క్ పర్మిట్ ఇవ్వరాదని 50వ అధికరణం చెబుతుంది. నోటీసు కాలం పూర్తి చేయనందుకు ఆ కాలపు జీతాన్ని మీరే స్కూలుకు చెల్లించాల్సి రావచ్చు. ఆ కాలం ఒప్పందాన్ని బట్టి 30 నుంచి 90 రోజులు. భర్త వీసా మీద ఉంటూ స్కూలు వర్క్ పర్మిట్‌తో పనిచేసే మహిళలకు నివాస హక్కు వెంటనే ప్రమాదంలో పడదు, కానీ పర్మిట్ చిక్కులు వారికీ తప్పవు. ఫిర్యాదు ముందే నమోదై ఉంటే పరిస్థితి వేరు. ఆ తర్వాత వచ్చే అబ్‌స్కాండింగ్ ఆరోపణకు బలం తగ్గుతుంది, ఎందుకు వెళ్లిపోయారో చెప్పే కాగితం అప్పటికే శాఖ దగ్గర ఉంటుంది. జరిగిన అన్యాయం రెండు సందర్భాల్లోనూ ఒకటే, తేడా తెచ్చింది ఫిర్యాదు తేదీ.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు రాజీనామా లేఖలోనే జరుగుతుంది. గొడవ ఎందుకని ‘వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, ఇంతకాలం అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు’ అని రాసిచ్చేస్తారు. ఒక్కోసారి యాజమాన్యమే అలా రాయమంటుంది. రేపు విచారణలో స్కూలు తరఫున మొదట బయటికి తీసే కాగితం అదే. దానికి బదులు తేదీలతో, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ‘మేడమ్ నన్ను ఎప్పుడూ అవమానిస్తున్నారు’ అన్న వాక్యాన్ని విచారణాధికారి తూచలేడు. ‘ఫలానా తేదీన మూడో పీరియడ్ అయ్యాక, స్టాఫ్‌రూములో మరో ఇద్దరు టీచర్ల ఎదుట ఈ మాట అన్నారు, ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌కు మెయిల్ పంపాను, జవాబు రాలేదు’ అన్న వాక్యాన్ని పరిశీలించక తప్పదు. వీసా రద్దు ఫారం మీదా, లెక్క తేల్చే కాగితం మీదా ‘నాకు రావలసినవన్నీ ముట్టాయి’ అనే వాక్యం ఉండొచ్చు. డబ్బు చేతికి రాకముందే దాని కింద సంతకం పెట్టకూడదు.

సాక్ష్యం సేకరించేటప్పుడు ఉత్సాహం హద్దు దాటకూడదు. రహస్యంగా సంభాషణ రికార్డు చేయడం మన దగ్గర మామూలైపోయింది. యూఏఈలో ఎదుటివారి అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయడం, ఫొటోలు తీయడం నేరం కావచ్చు. స్కూలు పేరు పెట్టి సోషల్ మీడియాలో బాధ చెప్పుకుంటే, అది నిజమే అయినా, పరువు నష్టం కేసు మీ మీదికే రావచ్చు. 2021 నాటి సైబర్ నేరాల చట్టం ఈ రెండు విషయాల్లోనూ కఠినం. మెయిళ్లు, మీకే వచ్చిన వాట్సాప్ సందేశాలు, టైంటేబుల్ మార్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డాక్టరు సర్టిఫికెట్లు చాలా వరకు సరిపోతాయి. వాటి నకళ్లను స్కూలు ఇచ్చిన మెయిల్‌లో కాక సొంత మెయిల్‌లో దాచుకోవాలి. ఉద్యోగం పోయిన రోజే స్కూలు మెయిల్ మూతపడొచ్చు. అలాగని పిల్లల వివరాలు, స్కూలు రహస్య పత్రాలు కాపీ చేసుకోవడం మరో తప్పవుతుంది. మీ ఉద్యోగానికి సంబంధించినవి మాత్రమే తీసుకోవాలి.

‘చట్టం వాళ్లది, దేశం వాళ్లది, స్కూలు పెద్దవాళ్లది. పరాయి టీచరు మాట ఎవరు వింటారు?’ అనేది తరచూ వచ్చే అభ్యంతరం. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. వీసా యజమాని చేతిలో ఉన్నచోట బలాబలాలు సమానంగా ఉండవు. ప్రతి ఫిర్యాదూ గెలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ చట్టం చూపిన దారి మూసుకుపోయి లేదు. మోహ్రే ముందుగా రాజీకి ప్రయత్నిస్తుంది. 2024 ఆరంభం నుంచి 50,000 దిర్హాముల లోపు వివాదాల్లో తుది నిర్ణయం చెప్పే అధికారం కూడా ఆ శాఖకే వచ్చింది. అంతకు మించినవాటిలో రాజీ కుదరనివి కోర్టుకు వెళతాయి. 1,00,000 దిర్హాములకు మించని దావాకు ఉద్యోగి కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. ఫిర్యాదు చేశాడన్న కక్షతో ఉద్యోగం తీసేస్తే, ఆ ఫిర్యాదు నిజమని తేలినప్పుడు 3 నెలల జీతం దాకా పరిహారం ఇప్పించే వీలుంది. ఫిర్యాదు చేయని వారికి వీటిలో ఏ ఒక్కటీ అందదు. గెలుపు అనుమానమే కావచ్చు, మౌనంగా ఉంటే ఓటమి మాత్రం ఖాయం.

పోయే డబ్బు కూడా చిన్నది కాదు. ఏడాది సర్వీసు నిండిన వారికి మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి. నెలకు 3,000 దిర్హాముల మూలవేతనంతో 4 ఏళ్లు పనిచేసిన టీచరుకు అది 84 రోజుల మూలవేతనం, అంటే 8,400 దిర్హాములు. వాడుకోని సెలవుల డబ్బు, జీతం బకాయిలు దీనికి అదనం. ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా ఇవన్నీ చెల్లించాలి. అడిగితే ఉచితంగా అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఉద్యోగి పేరు చెడగొట్టే మాట ఉండకూడదు. తర్వాతి ఉద్యోగానికి అనుభవ పత్రమే ఆధారమైన టీచరుకు ఈ నిబంధన డబ్బుకన్నా విలువైనది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ప్రాణానికో, మానానికో ముప్పు ఉన్నప్పుడు కాగితాలు రాసుకుంటూ కూర్చోమంటారా? అలా ఎంతమాత్రం కాదు. ముందు ఆ చోటు నుంచి బయటపడాలి, 999కు ఫోన్ చేసి పోలీసుల సాయం తీసుకోవాలి. లైంగిక వేధింపు అక్కడి శిక్షాస్మృతి ప్రకారం జైలు శిక్ష పడే నేరం. చట్టం ఆ 5 పని దినాలను సంఘటన జరిగిన క్షణం నుంచి కాక, ఫిర్యాదు చేయగలిగిన రోజు నుంచి లెక్కించింది ఇందుకే. పాస్‌పోర్టు స్కూలు దగ్గరుందని ఆగిపోనక్కర్లేదు. ఉద్యోగి అధికారిక పత్రాలను యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్ని కార్మిక చట్టమే నిషేధించింది. 1967 నాటి మన పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. ఇవ్వకపోతే పోలీసులకూ, దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌కూ లేదా అబుదాబిలోని రాయబార కార్యాలయానికీ చెప్పవచ్చు.

‘విద్యా సంవత్సరం మధ్యలో పిల్లల్ని వదిలేసి వెళ్లడం ధర్మమా?’ అనే ప్రశ్న బయటివారు వేయకముందే టీచరు మనసే వేస్తుంది. యాజమాన్యాలు ఈ సున్నితత్వాన్నే ఆయుధంగా వాడుకుంటాయి. పిల్లల చదువు బాధ్యత స్కూలుది. టీచరును గౌరవంగా చూసుకోవడం ఆ బాధ్యతలో భాగమే. రోజూ అవమానపడి, నిద్ర లేక తరగతికి వెళ్లే మనిషి పాఠం ఎంత బాగా చెప్పగలరు? వెళ్లేముందు సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందో, మార్కుల వివరాలేమిటో రాసి అప్పగించడం వృత్తి ధర్మం. అక్కడితో టీచరు బాధ్యత తీరుతుంది. వేధింపును భరించడం ఏ వృత్తి ధర్మంలోనూ భాగం కాదు.

ఇండియాకు వచ్చేస్తే కథ ముగిసిందనుకోవడం కూడా భ్రమే. బ్యాంకు లోనో, క్రెడిట్ కార్డు బాకీయో ఉంటే ముందే లెక్క తేల్చుకోవాలి. యూఏఈ కోర్టుల డిక్రీలను మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 44ఏ సెక్షన్ కింద ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలు చేయించుకునేలా కేంద్రం 2020 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. మరోవైపు మీ హక్కు కూడా విమానం ఎక్కగానే పోదు. 2024 సవరణ తర్వాత ఉద్యోగ సంబంధం ముగిసిన నాటి నుంచి 2 ఏళ్ల దాకా కార్మిక దావా వేయవచ్చు. అటెస్టేషన్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీతో అక్కడి లాయరు ద్వారా నడిపించవచ్చు. వేధించినవారు భారత పౌరులైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 208వ సెక్షన్ కింద ఇక్కడా నేర చర్యకు అవకాశముంది. విచారణకు మాత్రం కేంద్రం అనుమతి కావాలి. అయితే సాక్షులు, పత్రాలు అక్కడే ఉంటాయి కాబట్టి మొదటి ఫిర్యాదు అక్కడే పడటం మేలు.

సాయం అడిగే చోట్లు ఉన్నాయి. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 80046342. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే దాని నంబరుతో పురోగతి తెలుసుకోవచ్చు. ఆర్థికంగా చితికిపోయిన వారికి టికెట్టుకూ, న్యాయ సాయానికీ దౌత్య కార్యాలయాల దగ్గర ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. ఆంధ్రప్రదేశ్ వారికి ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ తోడుంటుంది. ఇది సాధారణ అవగాహన కోసం రాసినది, మీ కేసులో అడుగు వేసేముందు అక్కడి లాయరును కలవాలి. ఇక ఇక్కడున్న తల్లిదండ్రులకూ, భర్తలకూ, అన్నదమ్ములకూ ఒక్క విన్నపం. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు సర్దుకుపొమ్మనకండి, పారిపోయి రమ్మనకండి. ఎప్పుడు జరిగింది, ఎవరి ఎదుట జరిగింది, ఎవరికి రాసిచ్చావు, 5 పని దినాల్లో ఎన్ని మిగిలాయి అని అడగండి. అడిగి, ఆ రాత్రే కూర్చుని ఫిర్యాదు రాయడానికి సాయపడండి.