సైన్సు చదివే పిల్లలు ఒక సెమిస్టర్ బయట చదువుతామంటే

అమెరికాలో ఉంటున్న మన తల్లిదండ్రులు చాలామంది, బయాలజీయో కెమిస్ట్రీయో చదువుతున్న కూతురు "ఒక సెమిస్టర్ ఆస్ట్రేలియాలో చదువుతా"నంటే ముందు వద్దనే అంటారు. సాహిత్యం చదివేవాళ్లకైతే సరేగానీ సైన్సు వాళ్లకెలా కుదురుతుందని వాళ్ల బెంగ. ఆ బెంగలో కొంత నిజముంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్ల పాఠం. మధ్యలో వదిలి వెళితే చాలా కాలేజీల్లో రెండో సగం కోసం ఏడాది ఆగాలి, దాని వెనకే బయోకెమిస్ట్రీ కూడా ఆగిపోతుంది.

అయినా వద్దనకండి. మొదటి ఏడాదిలోనే నాలుగేళ్ల కోర్సులూ ఒక కాగితం మీద రాయమనండి. ల్యాబుల వరుస తెగకుండా వెళ్లిరాగల సెమిస్టర్ ఒకటి, ఎక్కువగా మూడో ఏట, దొరుకుతుంది. చరిత్ర, కళలు లాంటి జనరల్ కోర్సులు కొన్ని దానికోసం అట్టేపెట్టుకోవాలి. అవన్నీ మొదటి రెండేళ్లలోనే ముగించెయ్యమని తొందరపెట్టేది తరచూ మనమే!

బయట తీసుకునే ప్రతి కోర్సు సిలబస్‌నూ ముందే డిపార్ట్‌మెంట్‌కు చూపించి, క్రెడిట్ ఇస్తామన్న మాట రాతపూర్వకంగా తీసుకోవాలి. మెడిసిన్ ఆలోచన ఉంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ అక్కడ చదవకపోవడమే మేలు. ఆ కోర్సులు అమెరికా, కెనడా కాలేజీల్లోనే చదివి ఉండాలని చాలా మెడికల్ స్కూళ్లు అడుగుతాయి. ఆస్ట్రేలియాలో సెమిస్టర్ సాధారణంగా ఫిబ్రవరి చివర్లో మొదలై జూన్ దాకా సాగుతుంది కాబట్టి, మే నెలలో మొదలయ్యే ఇంటర్న్‌షిప్ చేజారవచ్చు. సెమిస్టర్ అసలే కుదరకపోతే జర్మనీ వాళ్ల డాడ్ రైజ్ (DAAD RISE) అనే కార్యక్రమం ఉంది: వేసవిలో అక్కడి ల్యాబులో పరిశోధన, పైగా స్టైపెండ్.

ఇక మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు వీసా. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయి ఉంటే, తిరిగి రావడానికి మళ్లీ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకోవాల్సి రావచ్చు. 21 ఏళ్లు నిండితే ఆ హెచ్-4 హోదాయే ఉండదు. సరిగ్గా మూడో ఏడు చదివే వయసు అది. టికెట్ కొనకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ, కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసునీ అడగండి. ఆ ఒక్క పని మీరు దగ్గరుండి చూసుకోండి. యూనివర్సిటీని ఎంచుకోవడం, కోర్సులు సరిచూసుకోవడం, ప్రొఫెసర్లకు రాయడం పిల్లలనే చేసుకోనివ్వండి.