షెడ్డులో కరెంటు లెక్క: చిన్న బోర్డుతో మొదటి పాఠం



పోయిన వానాకాలం నాలుగో జ్వరం దాటిన పురుగు బాగానే ఉందని మేము ధీమాగా ఉన్నాం. నాలుగు రాత్రులు వరసగా షెడ్డులో తేమ పెరిగింది, చూసుకోలేదు. సున్నపుకట్టు రోగం వచ్చి సగం పడకలు తీసి కాల్చేశాం. రాత్రి మన బదులు తేమ చూసే బోర్డు పెట్టుకుందామని అప్పుడు అనుకున్నాం. దానికి ముందు కరెంటు సంగతి నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకున్నది ఇదీ.

*1. మాచ్‌ఖండ్ నీళ్లతోనే లెక్క*
జలాపుట్ జలాశయం నీళ్లు పైనుంచి పెద్ద పైపుల్లో దిగి ఒనుకడిల్లి పవర్‌హౌస్‌లో ఆరు యంత్రాలను తిప్పుతాయి. 1955 నుంచి చూస్తున్నదే. నీళ్లు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత ఒత్తిడి. కరెంటులో ఆ ఒత్తిడి వోల్టు. పైపులో పారే నీళ్ల మోతాదు ఆంపియర్. పైపు సన్నగా ఉండి అడ్డుకోవడం ఓమ్. వోల్టును ఓమ్‌తో భాగిస్తే ఆంపియర్ వస్తుంది. వోల్టును ఆంపియర్‌తో గుణిస్తే వాట్లు. 46 వాట్ల ఫ్యాను 230 వోల్టుల మీద సుమారు 0.2 ఆంపియర్ తీసుకుంటుంది.

*2. బోర్డు బలం ఎంత?*
ఆర్డుయినో ఊనో బోర్డు 5 వోల్టులది. ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీయకూడదు. అంటే 0.02 ఆంపియర్. మొదట చిన్న ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించి చూడండి. అది 2 వోల్టులు వాడుకుంటుంది, మిగిలింది 3. మధ్యలో 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 3ని 220తో భాగించాలి, సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. సరిపోయింది. రెసిస్టర్ లేకుండా కలిపితే ఎల్‌ఈడీ పోతుంది, పిన్నూ పోవచ్చు.

మేము తెలియక రిలే కాయిల్‌ను నేరుగా పిన్నుకి కలిపి ఒక బోర్డు పోగొట్టుకున్నాం. ఆ కాయిల్‌కి 70 మిల్లీ ఆంపియర్ల దాకా కావాలి. ట్రాన్సిస్టర్ ఉన్న రిలే మాడ్యూల్ కొనండి. పిన్ను పని సైగ చెయ్యడమే, బరువు మొయ్యడం కాదు.

*3. ఎంత తేమకి ఫ్యాను?*
డీహెచ్‌టీ22 సెన్సారు వేడి, తేమ రెండూ చెబుతుంది. చాకీ పురుగుకి 27-28 డిగ్రీలు, 85-90 శాతం తేమ. పెద్ద పురుగుకి 24-25 డిగ్రీలు, 70-75 శాతం. పెద్ద పురుగు షెడ్డులో 78 దాటితే ఫ్యాను వేసి, 72కి దిగితే ఆపమని ప్రోగ్రాం రాశాం. రెండింటికీ ఒకే అంకె పెడితే రిలే టకటకమని కొట్టుకుని పాడవుతుంది.

ఒక మాట. బయట వాన పడుతుంటే ఫ్యాను లాగేది కూడా తడిగాలే. అప్పుడు తేమ తగ్గదు. పడక పలచగా చేసి, సున్నం చల్లుకోవాల్సింది మనమే.

*4. జాగ్రత్తలు*
• 5 వోల్టుల వైపు మీరు చెయ్యండి. 230 వోల్టుల వైపు తీగలు ఎలక్ట్రీషియన్‌తోనే కలిపించండి. నేల తడిగా ఉండే షెడ్డు మనది. ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.
• బ్లీచింగ్ చల్లే ముందు సెన్సారు, బోర్డు తీసి బయట పెట్టండి. లేకపోతే లోహం తుప్పు పడుతుంది.
• పవర్‌హౌస్ పక్కనే ఉన్నా మనకీ కరెంటు పోతుంది. పవర్‌బ్యాంకుతో బోర్డు నడుస్తుంది, ఫ్యాను నడవదు. కిటికీలు తెరవడం మరవొద్దు.

*ఈ వారం పని:* సెన్సారుని తడి-పొడి బల్బు థర్మామీటరు పక్కన కట్టి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండు అంకెలూ పుస్తకంలో రాయండి. వారం రోజులు రెండూ దగ్గరగా ఉంటేనే ఫ్యానుని దానికి అప్పగించండి. తేడా ఎక్కువుంటే గ్రూపులో పెట్టండి, అందరం కలిసి చూద్దాం.