గ్రోత్ తగ్గిన చెరువు, జబ్బు పడిన చెరువు

మొన్న రొయ్యల పట్టుబడి అయ్యాక నాగాయలంక నుంచి మా అన్నయ్య కొడుకు బందరు వచ్చాడు. కాఫీ అయినా తాగకుండా ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద ఎర్ర గీత.

"బాబాయ్, ఈ షేరు సగానికి సగం పడింది. డిజిటల్ యాడ్స్ కంపెనీ అంట. గ్రోత్ కాస్త తగ్గిందంతే అంటున్నారు. ఇంకో రెండు లక్షలు ఏసి యావరేజ్ చేద్దామనుకుంటున్నా."

"నీ చెరువులో గ్రోత్ తగ్గితే ముందు ఏం చేస్తావురా?"

"చెక్ ట్రే లేపి చూస్తా."

"మరి ఇక్కడ?"

వాడు నవ్వాడు గానీ ఫోను జేబులో పెట్టలేదు.

దివిసీమలో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. వల బిగించిన పళ్లెంలో రెండు గుప్పెళ్ల మేత వేసి నీళ్లలోకి దించుతారు. రెండు గంటలు పోయాక తాడు పట్టి లేపుతారు. మేత మిగిలిందా? రొయ్య వీపున పేగు నిండుగా గీతలా కనిపిస్తోందా, ఖాళీగా ఉందా? గ్రోత్ తగ్గితే మేత సరిచేస్తారు, నీళ్లు చూస్తారు, ఓపిక పడతారు. వైట్‌స్పాట్ జబ్బు అయితే కౌంటు గింటు చూడకుండా పట్టేస్తారు. రెండింటికీ ఒకే మందు వేసే రైతు మా వైపు లేడు. షేర్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ తేడా చూడకుండానే డబ్బు పోస్తున్నారు. అందుకే ఈ జాగ్రత్తలు.

చేయవలసినవి

ముందు ఆ కంపెనీ రూపాయి ఎక్కడ సంపాదిస్తుందో తెలుసుకోండి. సంక్రాంతికి గుడివాడలో బట్టల కొట్టు ప్రకటన ఇవ్వాలంటే ఒకప్పుడు సినిమా హాల్లో స్లైడు వేయించేది. ఇప్పుడు మీరు ఫోనులో వార్త తెరిచేలోపే ఆ పేజీలోని ఖాళీ జాగాకు వేలం అయిపోతుంది. గిలకలదిండి హార్బర్లో చేపల పాట లాంటిదే, కేక వినపడదంతే. ఆ పాట నడిపేవాళ్లు, కొనేవాడి తరఫున పాడేవాళ్లు యాడ్‌టెక్ కంపెనీలు. కమీషనే వాళ్ల బతుకు. కొనేవాడి తరఫున పాడే అమెరికా కంపెనీ ట్రేడ్ డెస్క్ వంద డాలర్ల ప్రకటన ఖర్చులో సుమారు ఇరవై ఉంచుకుంటుంది.

ఇక్కడే మొదటి తిరకాసు. వంద చేతులు మారితే కొందరు వందా తమ ఆదాయమేనని రాస్తారు, కొందరు తమకు మిగిలే ఇరవయ్యే రాస్తారు. చేపల కమీషన్ ఏజెంటు తన కాటా మీద తూగిన సరుకంతా తన అమ్మకమేనని చెప్పుకుంటే ఎలా ఉంటుంది? రెండు కంపెనీల అమ్మకాలు పక్కపక్కన పెట్టేముందు ఏది ఎలా రాస్తోందో వార్షిక నివేదికలో చూడండి.

రెండోది వసూళ్లు. చెక్ ట్రే అంటే ఇదే. ప్రకటన ఇచ్చినవాడు తొంభై రోజులకు డబ్బిస్తాడు, జాగా ఇచ్చిన వెబ్‌సైటుకు నలభై అయిదు రోజులకే ఇవ్వాలి అనుకోండి. మధ్యలో కంపెనీ తన జేబులోంచి పెట్టాలి. లాభం పెరుగుతూ, 'రావలసిన బాకీలు' అంతకంటే వేగంగా పెరుగుతుంటే, వ్యాపారం వల్ల చేతికొచ్చిన నగదు మాత్రం పెరగకపోతే, ఆ పేగు ఖాళీగా ఉందన్నమాట. మూడేళ్ల నికర లాభం ఒక వరుసలో, మూడేళ్ల నగదు రాబడి దాని కింద వరుసలో తెల్లకాగితం మీద రాసుకోండి. పది నిమిషాల పని. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ చేసేవాళ్ల నడుమ పెరిగిన మనకు, పైపూత చూసి తూకం వేయకూడదని వేరే చెప్పాలా?

గ్రోత్ ఎందుకు తగ్గిందో కూడా అడగండి. 2021 ఏప్రిల్ నుంచి ఐఫోన్‌లో యాప్‌లు మన వెంట పడాలంటే మన అనుమతి అడగాల్సి వచ్చింది. దానివల్ల 2022లో వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని మెటా లాంటి కొండే లెక్క చెప్పింది. గూగుల్, మెటా, అమెజాన్‌లకు సొంత చెరువులున్నాయి, మిగతావాళ్లది కౌలు సేద్యం. మన దేశంలో 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను చట్టం నిషేధించేసరికి పెద్ద ప్రకటనదారుల వర్గం ఒకటి రాత్రికి రాత్రి లేకుండా పోయింది. ఇలాంటి కారణాలు కంపెనీ దాచిపెట్టేవి కావు, చదివితే తెలుస్తాయి.

లెక్కలు నిజమైనవే అయినా గ్రోత్ తగ్గడం ఎంత నొప్పో ట్రేడ్ డెస్క్ చూపించింది. 33 త్రైమాసికాలు తాను చెప్పిన అంచనా తప్పని ఆ కంపెనీ 2024 చివరి త్రైమాసికంలో తొలిసారి తప్పింది. అమ్మకాలు 22 శాతం పెరిగినా, 2025 ఫిబ్రవరిలో షేరు ఒక్కరోజులో మూడో వంతు పోయింది. జులైలో ఎస్ అండ్ పీ 500 సూచీలోకి చేరింది, ఆగస్టులో మళ్లీ ఒక్కరోజులో 39 శాతం దాకా పడింది. ఎందుకంటారా? లెక్క కట్టండి. షేరుకు పది రూపాయల లాభం మీద 60 రెట్లు పెట్టి 600కు కొన్నారు. లాభం పదకొండు అయింది, కానీ గ్రోత్ తగ్గిందని జనం 30 రెట్లే ఇస్తామన్నారు. షేరు 330. లాభం పది శాతం పెరిగింది, మీ డబ్బు నలభై అయిదు శాతం పోయింది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. ఇది గ్రోత్ తగ్గిన చెరువు. సరైన ధరకు దొరికితే కొనొచ్చు కూడా.

జబ్బు పడిన చెరువు కథ మన హైదరాబాదుదే. 2000లో లైకోస్ అనే సెర్చ్ వెబ్‌సైటును స్పెయిన్ వాళ్ల టెర్రా 1,250 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. 2004లో కొరియా కంపెనీ డౌమ్‌కు సుమారు 9.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. 2010లో మన యబ్రాంట్ డిజిటల్ దాన్ని 3.6 కోట్ల డాలర్లకు బేరమాడింది, డబ్బు చెల్లింపు దగ్గర డౌమ్‌తో వ్యాజ్యంలో చిక్కుకుంది. ఆ యబ్రాంటే తర్వాత లైకోస్ ఇంటర్నెట్, 2018 నుంచి బ్రైట్‌కామ్ గ్రూప్. 2021లో షేరు వంద దాటింది. 2023 ఏప్రిల్‌లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: ఆస్తుల విలువ తరుగుదల 868 కోట్లను లాభనష్టాల ఖాతాలో చూపలేదని. ఆగస్టులో మరొకటి: 22 మందికి కేటాయించిన షేర్లకు 245 కోట్లు రావలసిన చోట 52 కోట్లే వచ్చాయని, బ్యాంకు స్టేట్‌మెంట్లు దిద్దినవని. 2024 జూన్‌లో ఫలితాలు సమయానికి ఇవ్వనందుకు ఎక్స్ఛేంజీలు ట్రేడింగే ఆపేశాయి. ఆ రోజు అయినకాడికి అమ్ముకుందామన్నా అమ్మే దారి లేదు.

బ్యాంకు కాగితం చూసి నమ్మడం తెలుగువాళ్లకు ఇది రెండోసారి. మొదటిది సత్యం కంప్యూటర్స్: 2009 జనవరి 7న ఛైర్మన్ రాజుగారు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. పెద్ద పేరున్న ఆడిటరే సంతకం పెట్టాడు. కాబట్టి ఆడిటర్ మధ్యలో తప్పుకున్నా, అసలు వ్యాపారమంతా విదేశీ అనుబంధ సంస్థల్లోనే ఉండి వాటి లెక్కలు వేరెవరో చూస్తున్నా, ప్రమోటర్ల షేర్లు తాకట్టులో ఉన్నా కొనడం ఆపి కనుక్కోండి.

చేయకూడనివి

పడిందని కొనకండి. వంద నుంచి యాభైకి వచ్చిన షేరు యాభై నుంచి పదికి రాదని ఎక్కడా రాసిలేదు. అది ఇంకో ఎనభై శాతం.

పెద్ద ఇన్వెస్టరు కొన్నాడని మీరు కొనకండి. ఆయనకు వచ్చిన ధర వేరు, ఆయన దించుకునే దారి వేరు. బోనస్ షేర్లు వచ్చాయని స్వీట్లు పంచకండి. ఒక బందరు లడ్డూని రెండు ముక్కలు చేస్తే రెండు లడ్డూలు కావు.

సీడు డబ్బు, మేత కొట్టు బాకీకి దాచిన డబ్బు, చెరువు లీజు, ఆడపడుచు బంగారం మీద తెచ్చిన అప్పు, వీటి జోలికి వెళ్లకండి. దాళ్వాకు పెట్టుబడి కావలసిన నెలలోనే షేరు అడుగున ఉంటుంది, ఇది నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఒకే యాడ్‌టెక్ కంపెనీలో మీ షేర్ల డబ్బులో ఇరవయ్యో వంతు దాటనివ్వకండి. ఇది నా కొలత, మీది ఇంకా తక్కువైతే మరీ మంచిది.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో 'టార్గెట్' చెప్పేవాడికి సెబీ నమోదు సంఖ్య అడగండి. సలహాదారుకు ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. లాభాలు చూపించి, తీసుకోబోతే 'ముందు టాక్సు కట్టండి' అనే యాప్‌కు పైసా పంపకండి. పంపేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డీమ్యాట్ టీపిన్, ఓటీపీ బ్రోకర్ ఆఫీసు కుర్రాడికైనా చెప్పకండి. లిస్టయిన కంపెనీ, బ్రోకర్ల మీద ఫిర్యాదుకు సెబీ వారి స్కోర్స్ పోర్టల్ ఉంది, రుసుము లేదు.

గ్రోత్ తగ్గిందని మంచి కంపెనీని తిట్టుకుంటూ అడుగున అమ్మేయడం కూడా చేయకూడని పనే. ఎందుకు కొన్నారో, ఏది జరిగితే అమ్ముతారో కొన్న రోజే రాసి పెట్టుకుంటే ఆ తిట్లు తగ్గుతాయి.

మావాడు రెండు లక్షలూ వేయలేదు, ఉన్నవి అమ్మలేదు కూడా. ఫలితాలు వచ్చాక చూస్తానన్నాడు. మంచిదే. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో, ఏడాది లెక్కలైతే 60 రోజుల్లో కంపెనీ ఫలితాలు ఇచ్చి తీరాలి. అంటే ఆగస్టు 14, నవంబరు 14, ఫిబ్రవరి 14, మే 30. గోడ క్యాలెండరు మీద ఆ నాలుగు తేదీలకు సున్నా చుట్టుకోండి. ఆ రోజు దాటినా ఫలితాలు రాకపోతే అది గ్రోత్ సంగతి కాదు.