మట్టి మిద్దె

ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో పాత రైతు ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి గోడలు రాళ్లూ మట్టీ కలిపి కట్టినవి. మందంగా ఉంటాయి. ఎండ లోపలికి తొందరగా దిగదు. కిటికీలు తక్కువ. వెలుగు మిద్దె పైనుంచి వస్తుంది. అక్కడ ఒక రంధ్రం పెడతారు. అదే గవాక్షి. పొయ్యి పొగ కూడా అందులోంచే పోతుంది. వాన వస్తే పరుగున ఎక్కి మూయాల.

వాకిలి దాటగానే చాలా ఇళ్లలో ఎద్దుల గాడి కనిపిస్తుంది. మనుషులు ఉండే చోటు దానికంటే కొంచెం ఎత్తు. రాత్రి ఎద్దు దగ్గితే రైతుకు వినపడాల. దొంగల భయం కూడా ఉండేది. అందుకే అందరికీ ఒకే కప్పు. పేడా, దోమలూ కూడా ఇంట్లోనే! ఎత్తిపోసేది ఆడవాళ్లే కదా. తర్వాత చాలామంది పశువులకు వేరే కొట్టం వేసుకున్నారు.

దొడ్డిలో గడ్డివామి ఉంటుంది. జొన్నలు దాచడానికి భూమిలో పాతర తవ్వేవారు. మూత తీసిన వెంటనే పాతరలోకి దిగకూడదు. గింజలు లోపలి మంచి గాలిని తినేస్తాయి. దిగిన మనిషికి ఊపిరి ఆడదు. ప్రాణం పోతుంది.

ఇక మిద్దె. గోడల మీద దూలాలు వేస్తారు. దూలాల మీద దంతెలు. వాటి మీద సన్న కట్టెలు, ఆకు పరిచి మట్టి కప్పుతారు. అన్నిటికంటే పైన చౌడు మట్టి.

"అత్తా, మట్టి నీళ్లకు కరిగిపోదా?" అని కొత్త కోడలు అడుగుతుంది.

"చౌడు కరగదు లేమ్మా, మూసుకుంటాది" అంటుంది అత్త.

అత్త మాట నిజం. చౌడు తడిస్తే ఉబ్బుతుంది. సందులు మూసుకుంటాయి. నీళ్లు లోపలికి దిగక, దోనె గుండా బయటికి పోతాయి. వానలు తక్కువ పడే మన సీమకు ఇది సరిపోయింది.

కానీ ఒక చిక్కు ఉంది. కారినప్పుడల్లా పాత మట్టి తీయకుండా కొత్త చౌడు పోస్తారు. బరువు పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది. పైన అర అడుగు మట్టి. తడిస్తే దాని బరువు సుమారు 25 క్వింటాళ్లు! అంటే 25 జొన్న మూటలు మన తల మీద ఉన్నట్టే. కింద దూలానికి చెదలు పడితే?

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగింది. మంత్రాలయం మునిగింది. ఆ వరదలో చాలా మట్టి ఇళ్లు కూలాయి. వరద రాకపోయినా, ముసురు పట్టిన రోజుల్లో పాత మిద్దెలు కూలుతుంటాయి.

వానలకు ముందే మిద్దె ఎక్కి గడ్డి పీకించండి. పాత మట్టి చెక్కించి, ఆ తర్వాతే చౌడు పోయించండి. దూలాన్ని కట్టెతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తిన్నట్టే. దూలం వంగినా, గోడ ఉబ్బినా, పైనుంచి మట్టి రాలుతున్నా ఆ గదిలో పడుకోవద్దు. ముసురు రాత్రి పిల్లల్ని తీసుకుని గట్టి ఇంట్లోకి పోండి. సామాను తెల్లారి తెచ్చుకోవచ్చు.