కొవ్వొత్తుల అచ్చును కాపాడుకొనుట



నిర్గమకాండము 25వ అధ్యాయములో దీపవృక్షమును గూర్చి చదువునప్పుడు మొగ్గలను, పువ్వులను చూచి ఆగిపోదుము. 38వ వచనమును గమనింపక దాటిపోదుము. అందులో వత్తులు సవరించు కత్తెరయు దాని చిప్పయు ఉన్నవి. మసి తీయు పనిముట్లే గదా, ఇనుపవి చాలవా? చాలవు. అవియు మేలిమి బంగారువే; దీపవృక్షమునకు నియమించిన ఆ ఒక్క తలాంతు బంగారులోనే వాటి వంతును చేరియున్నది.

మన కలువాయి పల్లెలలో ఇంటనే కొవ్వొత్తులు పోసికొనువారి కొరకు ఇది వ్రాయుచున్నాను. పూర్వము జంతువుల కొవ్వుతో చేసిరి గనుక కొవ్వొత్తి అను పేరు నిలిచినది. ఇప్పుడు మనము పోయునది పారాఫిన్ మైనము. వత్తులు పోయుట ఒక పూట పని. అచ్చును చెడకుండ ఉంచుటయే కష్టము.

అల్యూమినియం అచ్చును కత్తితో గీకకుడి. మా ఇంట ఒక క్రిస్మసుకు ముందు రాత్రి, తొందరలో నేనే గీకితిని. ఆ గీతలోనికి మైనము దిగి పట్టుకొనుటచేత, అటు పిమ్మట పోసిన ప్రతి వత్తియు అక్కడనే విరిగెను. నా భార్య ఏమియు అనలేదు. విరిగిన ముక్కలను మాత్రము నా బల్లమీద వరుసగా పెట్టెను.

తపేలాలో నీళ్లు మరిగించి, దించి, అచ్చు రెండు భాగములను అందులో ముంచుడి. మైనము కరిగి పైకి తేలును. పట్టకారుతో అచ్చును తీసిన వెంటనే పాత నూలుగుడ్డతో తుడువవలెను. ఆలస్యమైతే పైన తేలిన మైనము మరల అంటుకొనును. వత్తి నూలు దూర్చు సందులను వెదురు పుల్లతో తీయుడి. బూడిదతోను, చాకలి సోడాతోను తోమవద్దు. ఇత్తడికి ఆగునేమో గాని, ఆ క్షారము అల్యూమినియమును తినివేసి నల్లబరచును. కిరసనాయిలుతో తుడుచుట పొయ్యి దగ్గర ప్రాణాపాయము.

తపేలా చల్లారిన పిమ్మట మైనము పైన అప్పడమువలె గట్టిపడును. దానిని తీసి, తడి పూర్తిగా ఆరనిచ్చి, మరల వాడుకొనుడి. ఆ నీళ్లను వేడిగా తూములో పోసినయెడల మైనము లోపల గడ్డకట్టి తూము మూసికొనిపోవును.

ఇక గిన్నె సంగతి. దీనిని మిక్కిలి జాగ్రత్తగా చదువుడి. మైనము సుమారు 50, 60 డిగ్రీల వేడికే కరుగును. నీళ్లు 100 డిగ్రీల వద్ద మరుగును. గనుక మైనపు గిన్నెను నీళ్ల తపేలాలో నిలిపి కాచినయెడల, నీళ్లు ఉన్నంతవరకు మైనము మితిమీరి కాగదు. గిన్నె వెలుపల కారి గట్టిపడిన చారలను ప్రతిసారి తుడువవలెను. మంట మొదట అంటుకొనునది అక్కడనే. అంటుకొన్నయెడల నీళ్లు చల్లకుడి. మండుచున్న మైనములో నీళ్లు అడుగునకు దిగి, ఒక్కసారి ఆవిరియై, మంటను పైకప్పు దాక ఎగజిమ్మును. మన పూరిండ్లకు అంత చాలును. పొయ్యి ఆర్పి గిన్నెపై మూత వేయుడి. గనుక కాచుటకు ముందే గిన్నెకు సరిపడు మూత చేతికందునట్లు ఉండవలెను. పిల్లలను దూరముగా ఉంచుడి. మైనము చేతిమీద పడినయెడల 20 నిమిషములు చల్లని నీళ్లు ధారగా పోయుడి. అంటుకొన్న దానిని పెరికివేయకుడి.

దాచునప్పుడు అచ్చుకు నూనె రాసి ఉంచుట మంచిదని కొందరందురు. నేను ఒప్పుకొనను. వేరుసెనగ నూనె నెలల తరబడి నిలిచి జిగురగును, ధూళి పట్టును. పొడిగా తుడిచి, రెండు భాగములను జతచేసి, గుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టుడి. నవంబరులో తీసినప్పుడు లోపల పలుచగా నూనె తుడిచి, మొదట ఒక్క వత్తి మాత్రము పోసి చూడుడి. అది అంటక జారివచ్చినయెడల తక్కినవి పోయవచ్చును.