ఒకే యింట రెండు రౌటర్లు: వానిని ఏకజాలముగా కూర్చు విధము

గోదావరి డెల్టాయందు ఇంటిలో నొక రౌటరును, చెరువుగట్టుమీది షెడ్డులో మరియొక రౌటరును ఉంచుకొన్న రైతులు కలరు. షెడ్డులోని కెమేరాయు, ఏరేటర్లు నిలిచినపుడు తెలుపు పరికరమును చక్కగానే యుండును. కాని యింటిలోని ఫోనునకు అవి కానరావు. రాత్రివేళ ఏరేటర్లు నిలిచిన నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారునప్పటికి రొయ్యలు చచ్చును. కావున నిది ఉపేక్షింపదగిన లోపము కాదు.

కారణ మిది. రౌటరు ప్రతి పరికరమునకు సంఖ్యారూపమైన చిరునామా నిచ్చును. ఈ పద్ధతికి డి.హెచ్.సి.పి. యని పేరు, ఇది 1993లో ఏర్పడినది. రెండవ రౌటరు యొక్క వాన్ పోర్టునకు కేబులు తగిలించినచో, అది వేరు చిరునామాలు పంచి, వేరొక జాలము నేర్పరచుకొనును. అపుడు షెడ్డులోని పరికరములు వెలుపలికి పోగలవు గాని, యింటివారు వానిని చేరలేరు.

ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు పంచు తావు ఒక్కటియే; నేడచట బ్యారేజి కలదు. కాలువ లెన్నియైనను పంచు తావు ఒక్కటి. చిరునామాల విషయమునను అట్లే జరుగవలెను.

చేయవలసిన పనులు:

1. రెండవ రౌటరును మొదటిదానితో కలుపక, దానికి మాత్రమే యొక ఫోను తగిలించి అమరికలు తెరువుడు. మొదటిదాని చిరునామా 192.168.1.1 అయినచో, దీనికి 192.168.1.2 నీయుడు. ఈ సంఖ్య మొదటి రౌటరు పంచు సంఖ్యలలో చేరి యుండరాదు.

2. రెండవదానియందు డి.హెచ్.సి.పి.ని ఆపుడు.

3. మొదటిదాని లాన్ పోర్టునుండి రెండవదాని లాన్ పోర్టునకు కేబులు వేయుడు. వాన్ పోర్టును ఖాళీగా విడువుడు. యాక్సెస్ పాయింట్ అను అమరిక యున్నచో, దానినే యెన్నుకొని, తయారీదారు చెప్పిన పోర్టును వాడుడు.

4. రెండింటికిని వైఫై పేరు, రహస్యపదము ఒకటిగా నుంచుడు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1వ, మరియొకదానికి 6వ లేక 11వ ఛానెలు నీయుడు.

రాగి కేబులు 100 మీటర్లకు మించరాదు. ఆరుబయట రాగితీగ పిడుగుపాటున రెండు రౌటర్లను చెరుపగలదు. కావున దూరమైనచో ఫైబరు కేబులే శ్రేయస్కరము.

పిదప షెడ్డులోని పరికరముయొక్క చిరునామా 192.168.1 తో మొదలగునో లేదో చూడుడు. అట్లయినచో కూర్పు సరియైనది. అంతట ఇంటర్నెట్టు తెగినను, రెండు రౌటర్లకు కరెంటు ఉన్నంతవరకు, బయటి సర్వరుపై ఆధారపడని పరికరములు ఒకదాని నొకటి కనుగొనగలవు. షెడ్డులోని రౌటరునకు బ్యాటరీ నేర్పాటు చేయుట మరువరాదు. ఏరేటర్లు నిలుచుటకు తరచు కారణము కరెంటు పోవుటయే గదా.