వనమండూకము - దాని శాస్త్రీయ నామము

ఒకే జీవిని ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరున పిలుతురు. అందుచే శాస్త్రజ్ఞులు ప్రతి జీవికిని రెండు పదముల నామమును నిర్ణయించిరి. జంతునామములకు 1758లో వెలువడిన లిన్నేయస్ గ్రంథము ప్రమాణము.

ఉత్తర అమెరికా అడవులలో నివసించు వనమండూకమునకు 1825లో లెకాంట్ 'రానా సిల్వాటికా' అని పేరిడెను. లాటిన్‌లో 'రానా' యనగా కప్ప. 'సిల్వాటికా' యనగా అడవికి చెందినది. మొదటి పదము ప్రజాతిని, అనగా బంధుత్వమును తెలుపును. ఆ బంధుత్వమును గూర్చిన అభిప్రాయము మారినచో పేరును మారును. 2006లో కొందరు పరిశోధకులు దీనిని 'లితోబేటిస్' ప్రజాతిలో చేర్చిరి. ఆ పదము పుంలింగమగుటచే రెండవ పదము 'సిల్వాటికస్' అయ్యెను. 2016లో మరికొందరు పూర్వనామమే యుక్తమనిరి. నేడు రెండును వాడుకలో నున్నవి.

పేరు మారినను జీవి మారలేదు. శీతకాలమున దాని దేహములోని నీటిలో సగమునకు పైగా గడ్డకట్టును, గుండె ఆగును. కాలేయము విడుదల చేయు గ్లూకోజు కణములను కాపాడును. వసంతమున మంచు కరుగగా కప్ప మరల కదలును.

విద్యార్థులారా! ఒక్క నామమే ఎరిగినవాడు గ్రంథాలయమున రెండవ నామము క్రింద నున్న విజ్ఞానమును కోల్పోవును. కావున పేరును కంఠస్థము చేయుటతో ఆగక, దాని చరిత్రనుకూడ నేర్వుడు.